బర్రెకు అప్పు ఇస్తే చాలదు, పాలకేంద్రం కావాలి

చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలోని సాస్తి మనకు పరాయి ఊరు కాదు. 1956 దాకా రాజురా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. మన పెద్దలు బతుకుదెరువుకు మగ్గాల మీదికి వచ్చినట్టే, అక్కడి తెలుగు కుటుంబాలు బొగ్గు పనికి వెళ్ళి స్థిరపడ్డాయి. ఓపెన్‌కాస్ట్ గనిలో పెద్ద యంత్రాలు, కాంట్రాక్టు మనుషులు వచ్చాక తండ్రి చేసిన పర్మనెంటు ఉద్యోగం కొడుకుకు అందడం లేదు. భూమి గనికి పోయిన ఇళ్ళలో సేద్యమూ లేదు.

ఈ యువకులను పాడి పెట్టుకోమనడం తేలిక. మిల్లులు మూతపడినప్పుడు స్వయం ఉపాధి అనే మాట మనకూ చెప్పారు. చేతిలో పడ్డ డబ్బు ఎన్నాళ్ళు నిలిచిందో పాత కార్మికులను అడగండి! అయినా పాడిని మేము కాదనడం లేదు. ఎట్లా పెట్టిస్తారన్నదే మా ప్రశ్న.

బర్రె ఏడాది పొడుగునా పాలివ్వదు. వట్టిపోయిన నెలల్లోనూ దానికి మేత కావాలి, బ్యాంకు వాయిదా కట్టాలి. ఒక్క బర్రెకు అప్పిచ్చి వదిలేస్తే కుర్రవాడు దాన్ని అమ్ముకుని అప్పు మిగుల్చుకుంటాడు. అయిదారు నెలల తేడాతో రెండోది ఇప్పిస్తే ఒకటి వట్టిపోయే వేళకు ఇంకోటి పాలిస్తుంది. దాణా సంగతి మనకు తెలిసిందే. పత్తిలో సుమారు మూడో వంతే దూదిగా మన దగ్గరికి వస్తుంది, మిగతాది గింజ. నూనె తీశాక మిగిలే చెక్క పశువుల దాణా. విదర్భ పత్తి నేల, చెక్కకు కరువుండదు. కష్టమంతా పచ్చిమేతకూ నీళ్ళకూ.

అంతకన్నా ముఖ్యం, పాలు ఎవరు కొలుస్తారన్నది. వెన్న శాతాన్ని బట్టి ధర కట్టేచోట పరీక్ష యంత్రం వ్యాపారి చేతిలో ఉంటే లెక్కా అతనిదే. పాత కరీంనగర్ జిల్లా ముల్కనూర్‌లో 1956లో పుట్టిన సహకార బ్యాంకు గురించి మనలో చాలామందికి తెలుసు. అదే ముల్కనూర్‌లో 2002లో డెయిరీ నడపడం మొదలుపెట్టింది మహిళా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం. 'స్వకృషి' పాలు వాళ్ళవే. పాలు పోసేవాళ్ళే అక్కడ యజమానులు. సాస్తి యువకులకు కావలసింది అటువంటి సంఘం.

డబ్బు ఎక్కడిదంటారా? 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధిని పెట్టారు. పాత లీజులవాళ్ళు రాయల్టీకి అదనంగా అందులో 30 శాతం ఈ నిధికి కట్టాలి. గని ప్రాంతాల జీవనోపాధికి దాన్ని ఖర్చు పెట్టవచ్చు. రోడ్లకూ భవనాలకూ ముందు, సాస్తిలో ఒక పాలకేంద్రం, పరీక్ష యంత్రం, చల్లబరిచే ట్యాంకు, వారానికోసారి పశువైద్యుడు, మొదటి ఏడాది మేత ఖర్చు ఇవ్వమని అక్కడి కార్మిక సంఘాలు అడగాలి. అర్జీ మరాఠీలో ఉండాలి. రాసిపెట్టడానికి మన శాఖల్లో మనుషులకు కొదవలేదు.