మెడిక్ చేతిలో రంపం ఎందుకని అడిగేవాళ్లకు

మన పిల్లలు ఆదివారాలు ఆడే టీమ్ ఫోర్ట్రెస్ 2 మీద గ్రూపులో ఒకటే వాదన. "మెడిక్ పని వైద్యం చెయ్యడం, వాడికి ఊబర్‌సా దేనికి?" అని. నేను ఒప్పుకోను.

లెక్క చూడండి. 2008లో వచ్చిన ఈ రంపం శత్రువుకు ఒక్క దెబ్బ తగిలితే ఊబర్‌చార్జ్ 25 శాతం పెరుగుతుంది. గాయపడ్డవాళ్లకు వైద్యం చేస్తూ మామూలుగా నింపాలంటే 40 సెకన్లు. రంపానికైతే నాలుగు దెబ్బలు. నిండాక వదిలితే 8 సెకన్లపాటు మెడిక్‌కూ, అతను కాస్తున్నవాడికీ ఏ తూటా తగలదు. మరి ఇది వైద్యపు సామాను కాదా? మామూలు బోన్‌సా కంటే 20 శాతం నిదానం, నిజమే. చార్జ్ ముందు అదెంత?

రంపం దొరికిందని జట్టును వదిలేసి శత్రువుల మధ్యకు ఉరికేవాడిని నేనూ వెనకేసుకురాను. మెడిక్ చస్తే కూడబెట్టిన చార్జ్ అంతా సున్నా. తప్పు వాడిది, రంపానిది కాదు.

అసలు కోపం వేరే ఉంది. స్పై వచ్చి మెడిక్ వీపులో కత్తి దించుతుంటే ఒక్కసారైనా వెనక్కి తిరగని హెవీగార్లే ఇక్కడ పేజీలకు పేజీలు రాస్తున్నారు. (వడ్డించేవాడికి ఆకలి ఉండదనుకునే అలవాటు మన విందుల్లోనూ ఉందిలెండి.) ప్రతివారం ఎవరూ తీసుకోని ఆ పాత్ర తీసుకునేది ఒక్క కుర్రాడు. వాడూ మానేస్తానంటున్నాడు.

తిట్టినవాళ్లు వచ్చే ఆదివారం మెడిక్‌గా ఒక రౌండు ఆడండి, రంపం లేకుండానే.