కోతకు ముందు, కోతకు పిమ్మట రైతు బుద్ధి

పంట చేతికి వచ్చిననాడు రైతు ధారాళముగ ఖర్చుపెట్టి, దుక్కినాటికి షావుకారు గడప త్రొక్కుననియు, ముందుచూపు లేకుండుట అతని స్వభావదోషమనియు నిందించుట లోకమునకు వాడుకయై యున్నది. ఈ నింద న్యాయము కాదని మా యభిప్రాయము. మెదడునుగూర్చి ఇటీవల జరిగిన పరిశోధనలు ఈ విషయమున మన సంఘములకు పనికివచ్చు సంగతులను తెలుపుచున్నవి.

2004లో అమెరికాలో శామ్యూల్ మెక్‌క్లూర్ మొదలగు నలుగురు పండితులు, మెదడులో ఏ భాగము పనిచేయుచున్నదో చూపు యంత్రమున కొందరిని పరుండబెట్టి, “ఇప్పుడే కొంచెము సొమ్ము కావలయునా, కొన్ని వారములు తాళి హెచ్చు సొమ్ము కావలయునా?” యని అడిగిరి. వెంటనే వచ్చు సొమ్ము ఎదుట నున్నపుడు ఆశకును ఉద్వేగమునకును సంబంధించిన లోపలి భాగములు హెచ్చుగ పనిచేసినవి. నుదుటి వెనుక నుండు ఆలోచనా భాగములు మాత్రము అన్ని ఎంపికలయందును పనిచేసినవి. మెదడున ఇట్లు రెండు త్రాసులు లేవనియు, నేటి సొమ్మును రేపటి సొమ్మును ఒకే త్రాసు తూచుననియు 2007లో జోసెఫ్ కేబుల్, పాల్ గ్లిమ్‌చర్ అనువారు వాదించిరి. ఈ వివాదమెట్లున్నను, దూరపు లాభము మనసునకు తేలికగ తోచుననుటలో ఇరుపక్షములకు భేదము లేదు. ఇది పండితునకును పామరునకును సమానమైన ధర్మము. రైతునకు మాత్రమే అంటగట్టదగినది కాదు.

రైతులనుగూర్చియే జరిగిన పరిశోధన యొకటి గలదు. ఆనందీ మణి, సెంథిల్ ముల్లైనాథన్ మొదలగువారు తమిళనాడులో చెరకు పండించు 464 మంది రైతులను కోతకు ముందును పిమ్మటను పరీక్షించి, 2013లో ఫలితములను ప్రకటించిరి. చేతిలో పైకము లేక ఇబ్బందిపడు దినములలో ఆ రైతులు బుద్ధిపరీక్షలలో వెనుకబడిరి. పైకము వచ్చిన పిమ్మట వారే మెరుగుగ నెగ్గిరి. అమెరికాలో బీదవారిని జీతమునకు ముందును వెనుకను పరీక్షించి 2016లో ప్రకటించిన మరియొక పరిశోధనలో బుద్ధిబలమున ఇట్టి భేదము కనబడలేదు. అయినను, జీతము రాకముందు వారు నేటి సొమ్మువైపే హెచ్చుగ మొగ్గిరని అందును తేలినది. కావున ఇబ్బంది దినములలో చేయు బేరము రైతునకు చేటు తెచ్చునని తలచుట తప్పు కాదు.

ఇందుకు విరుగుడు ఏది? పశ్చిమ కెన్యాలో ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ క్రేమర్, జొనాథన్ రాబిన్‌సన్ అనువారు చేసిన ప్రయత్నము 2011లో ప్రకటింపబడినది. అచటి మొక్కజొన్న రైతులకు ఎరువు కొనవలెనను కోరిక యున్నను, అదను వచ్చునప్పటికి చేతిలో డబ్బు మిగులుట లేదు. కోత కాగానే వారి యింటికి పోయి, అప్పుడే ధర చెల్లించినచో ఎరువును కూలి లేకుండ ఇల్లు చేర్చెదమని చెప్పగా, ఎరువు వాడినవారు బాగుగ పెరిగిరి. అదను సమయమున ధరను సగము తగ్గించి యిచ్చినను కలిగిన ఫలితము ఇంచుమించు అంతియే.

1904లో మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము ఏర్పడిననాటినుండి పొదుపునుగూర్చి ఉపన్యాసములు వినుచునే యున్నాము. ఉపన్యాసముకంటె అదను ముఖ్యమని మేము తలచుచున్నాము. ధాన్యము అమ్మిన సొమ్ము సభ్యునకు చెల్లించు దినముననే, “రాబోవు పంటకు విత్తనములకును ఎరువునకును ఎంత నిలువ ఉంచెదరు?” అని సంఘము అడుగవలెను. ఉంచినదానికి రసీదు నిచ్చి, అదనునకు బస్తాలను ఇల్లు చేర్చవలెను. కోతకు ముందరి కష్టదినములలో పెద్ద అప్పుపత్రములపై తొందరపడి సంతకము చేయింపక, షరతులను చదివి వినిపించి, ఒక రాత్రి ఆలోచించుకొనుటకు గడువీయవలెను.

ఇది రైతు స్వేచ్ఛకు భంగమని కొందరు శంకింపవచ్చును. నిలువ ఉంచుటయు, ఉంచకుండుటయు సభ్యుని యిష్టమే. ఇందు బలవంతము ఎంతమాత్రమును కూడదు. అతని బుద్ధి నిబ్బరముగ నున్న దినమున అడుగుటయే సంఘము చేయవలసిన పని. రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులు ఈ విషయమును చర్చించి, ఒక్క పంటకైనను ఆచరించి చూతురుగాక యని కోరుచున్నాము.