14కూ 18కీ మధ్య మన ఆడపిల్ల

మలాలా పేరు చెప్పి బడుల్లో చప్పట్లు కొట్టిస్తున్నారు. మేమూ కొడతాం. అయితే ఆ పిల్లకు ధైర్యం ఎట్లా పెరిగిందో కూడా చెప్పండి. 2009 జనవరిలో పాకిస్తాన్‌లోని స్వాత్ లోయలో ఆడపిల్లల బడులు మూయాలని తాలిబన్లు హుకుం వేసినప్పుడు ఆమెకు 11 ఏళ్లు. బి.బి.సి. ఉర్దూకు డైరీ రాసింది, గుల్ మకాయ్ అనే మారుపేరుతో. భయముంది కాబట్టే మారుపేరు. తర్వాత సొంత పేరుతో, ముఖం చూపించి మాట్లాడింది. 2012 అక్టోబర్ 9న బడి బండిలోనే తలకు గురిపెట్టి కాల్చారు. బతికింది. మరుసటి ఏడు తన పుట్టినరోజునాడు ఐక్యరాజ్యసమితిలో నిలబడి మాట్లాడింది. చదువు మానమని తండ్రి అనలేదు, ఆయనే బడి నడిపినోడు.

మనకిది కొత్తగాదు. పూనాలో ఫూలే దంపతుల బడిలో చదివిన ముక్తాబాయి, మన మాదిగల్లాంటి మాంగ్ కులం పిల్ల, 14 ఏళ్లకే మాంగ్, మహార్ల బాధలమీద వ్యాసం రాసింది. 1855లో 'జ్ఞానోదయ' పత్రికలో అచ్చయింది. ఆమె పేరు చెప్పి చప్పట్లు కొట్టించే బడి ఎక్కడుంది?

ఇక రాజంపేటకు వద్దాం. ఇక్కడ తుపాకులు అక్కర్లేదు. పిల్ల పెద్దమనిషి కాగానే "ఇంగ సదువెందుకప్పా" అంటే చాలు. అమ్మ ఇంటిపనికి కువైట్ పోతే తమ్ముళ్లకు సంగటి కెలికే పని పెద్దకూతురి నెత్తిన పడతాది. ఆ తల్లిని తిట్టి లాభంలేదు. సెంటు భూమి లేకుండా చేసి, అప్పుల్లో ముంచి, ఆమెను సముద్రం దాటించిందెవరు?

చట్టం చూడండి. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల దాకానే. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ఆడపిల్లకు 18 నిండాలంటాది. మధ్యనున్న నాలుగేళ్లు పెళ్లి చేయగూడదు, సరే. మరి బడి? ఆ వయసులో అది హక్కు గాదు. ముక్తాబాయి కలం పట్టిన వయసు, మలాలా తూటా తిన్న వయసు అదే!

కేంద్రం 2004లో పెట్టిన కస్తూర్బా విద్యాలయాలు మొదట 8వ తరగతి వరకే. 2018లో సమగ్ర శిక్ష వచ్చాక 12 వరకు పెంచే వీలు కల్పించారు. చేయగలిగిన పనేనని తేలిపోయింది. కానీ పథకం ఇచ్చినోడు రేపు తీసేయొచ్చు. హక్కయితే కోర్టులో నిలదీయొచ్చు.

అందుకే అడుగుతున్నాం. విద్యాహక్కును 18 ఏళ్లదాకా పొడిగించాల. తల్లి వలసపోయిన ప్రతి ఆడపిల్లకూ హాస్టల్ సీటియ్యాల. పిల్ల బడి మానిన వారంలోపే ఆ ఇంటి గడప తొక్కే బాధ్యత టీచర్లం మేం తీసుకుంటాం, సంఘం తోడు రావాల.

వాడల్లోని అమ్మల్లారా, అక్కల్లారా! పిల్లను బడి మాన్పించే ముందు ఒక్కసారి సంఘానికి కబురు పెట్టండి. జై భీమ్!