డిజిటల్ గ్రంథమునకు ప్రమాణము పఠిత

గ్రంథమునకు రూపమును నిర్ణయించునది దాని వినియోగము. అమరకోశము ఇందుకు తగిన నిదర్శనము. అందు పదములు అకారాది క్రమమున లేవు. స్వర్గవర్గము, వనౌషధివర్గము, సింహాదివర్గము మున్నగు విషయవిభాగములుగా, మూడు కాండములలో, అనుష్టుప్పులుగా అవి కూర్పబడినవి. ఆ నిఘంటువును బాలుడు వల్లె వేయును. కంఠస్థమైన గ్రంథమున పుట త్రిప్పి పదమును వెదకవలసిన పని లేదు. అచ్చుయంత్రము వచ్చిన పిదప వినియోగము మారినది. 1852లో ముద్రితమైన బ్రౌను తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును గాని, 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరమును గాని ఎవరును వల్లె వేయరు. అవసరము కలిగినపుడు తెరచి చూతురు. కావున అవి అకారాది క్రమమును గైకొన్నవి. ఈ రెండు కూర్పులును సమంజసములే. గ్రంథము ఎవరి కొరకు, ఏ పని కొరకు అను ప్రశ్నకు అవి రెండు వేర్వేరు సమాధానములు.

నేడు గ్రంథము కంప్యూటరు తెరపైకి వచ్చినది. కాని ఆ ప్రశ్నను అడుగువారు అరుదు. ఎన్ని పుటలు స్కాను చేయబడినవి, ఎన్ని సంపుటములు తెరపైకి ఎక్కినవి అను లెక్క మాత్రమే తరచుగా వినబడుచున్నది. పుటకు ఛాయాచిత్రము తీసి భద్రపరచుట మంచి పనియే. శిథిలమగుచున్న కాగితమును అది కాపాడును. అయినను ఛాయాచిత్రమున అక్షరము కంటికి కనబడునే గాని యంత్రమునకు అక్షరముగా తెలియదు. అట్టి గ్రంథమున ఒక పద్యమును వెదకువాడు అచ్చుపుస్తకమును త్రిప్పినట్లే పుటలన్నియు త్రిప్పవలసి యున్నది. పైగా వ్రేలు పెట్టి పుటను గుర్తుంచుకొను సదుపాయమును కోల్పోవుచున్నాడు. గ్రంథము భద్రమైనది, పఠితకు మాత్రము అందలేదు.

హైపర్‌టెక్స్టు అను మాటను 1965లో టెడ్ నెల్సన్ ప్రచారములోనికి తెచ్చెను. ఒక పాఠభాగమునుండి సంబంధము గల మరియొక భాగమునకు పఠిత తన యిచ్చ వచ్చినట్లు పోగల రచన అని దాని స్థూలార్థము. 1989లో టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనాలయమునకు సమర్పించిన ప్రతిపాదన వరల్డ్ వైడ్ వెబ్‌కు మూలమైనది. ఆ ప్రతిపాదనకు హేతువు ఒక నిత్యావసరము. పరిశోధకులు వచ్చుచు పోవుచుండగా ఎవరు ఏ పని చేసిరో, ఏ వివరము ఎచ్చట నున్నదో తెలియకుండ పోవుచుండెను. ఆ లోపమును పూరించుటకే లింకు అవసరమైనది. లింకు పుట్టుక ఇట్టిది కాగా, అవసరమును విచారింపక ప్రతి పదమునకును లింకు తగిలించుట ఆధునికత యనిపించుకొనదు.

పరీక్షింపక కూర్చిన డిజిటల్ గ్రంథము అచ్చుపుస్తకము కంటె మేలైనదని నమ్ముటకు వీలులేదు. 1980వ దశకమున అమెరికాలోని బెల్‌కోర్ పరిశోధకులు సూపర్‌బుక్ అను విధానమును నిర్మించిరి. పఠిత అడిగిన పదము ఏ అధ్యాయమున ఎన్ని మారులు వచ్చినదో విషయసూచిక ప్రక్కనే అది చూపెడిది. అయినను విద్యార్థులపై పరీక్షించినపుడు దాని తొలి రూపము అచ్చుపుస్తకమును మించలేకపోయెను. విద్యార్థులు ఎచ్చట తడబడుచున్నారో, ఎచ్చట కాలము వ్యర్థమగుచున్నదో గమనించి పరిశోధకులు దానిని సవరించిరి. సవరించిన రూపమున విద్యార్థులు అచ్చుపుస్తకమున కంటె త్వరగాను, తక్కువ తప్పులతోను సమాధానములను కనుగొనిరి. ఈ మేలు యంత్రము వలన కాక, పఠితను గమనించి చేసిన సవరణ వలన కలిగినది.

ఆ శాస్త్రజ్ఞులలో కొందరు 1987లో ప్రకటించిన మరియొక పరిశోధన భాషావేత్తలు గమనింపదగినది. ఒకే వస్తువునకు ఇద్దరు వ్యక్తులు ఎవరికి వారుగా ఒకే పేరును ఎన్నుకొను సంభావ్యత నూటికి 20 కంటె తక్కువ యని వారు తేల్చిరి. ఒక్కొక్క విషయమునకు అనేక నామములను చేర్చి, ఏ పేరుతో వచ్చినను పఠితకు దారి చూపవలెనని వారు సూచించిన పరిహారము. పర్యాయపదములను ఒక్కచోట కూర్చిన అమరకోశమును చదివినవారికి ఇది క్రొత్త మాట కాదు. పద్మము, కమలము, అరవిందము, తామర అను నాలుగింటిలో పఠిత ఏది తలచునో సంపాదకుడు ముందుగా చెప్పజాలడు. నాలుగు దారులును తెరచియుంచుటయే అతని కర్తవ్యము.

తెలుగు గ్రంథముల విషయమున ఈ సమస్య మరింత సూక్ష్మమైనది. యూనికోడు సంకేతావళిలో అరసున్నకును, శకటరేఫమునకును వేర్వేరు స్థానములు కలవు. కావున యంత్రమునకు ‘వీఁడు’ వేరు, ‘వీడు’ వేరు. ‘ఏఱు’ వేరు, ‘ఏరు’ వేరు. వ్యాకరణరీత్యా ఇది న్యాయమే. వీఁడనగా ఈ మనుష్యుడు. వీడనగా పట్టణము, విడుచుట. ఏఱు నది, ఏరు ఏరుట. కాని నేటి విద్యార్థి ఏ పదమున అరసున్న కలదో తెలిసికొనుటకే నిఘంటువు నొద్దకు వచ్చుచున్నాడు. అరసున్న పెట్టి అడిగిననే సమాధానము నిచ్చెదనను నిఘంటువు, తెలిసినవానికి మాత్రమే తెలియజెప్పును.

సంధుల వలన కలుగు చిక్కు ఇంకొకటి. ‘రాముడు’, ‘అతడు’ అను రెండు పదములు కలిసి ‘రాముడతడు’ అయినపుడు ‘అతడు’ అని వెదకిన యంత్రమునకు అకారము కానరాదు. ‘వారువోరు’ అనుచోట ‘పోరు’ అని వెదకినను ఫలితము లేదు. గసడదవాదేశము పకారమును వకారముగా మార్చినది. పద్యమున పదము ఒక పాదము చివర మొదలై మరుసటి పాదమున ముగియుట సర్వసాధారణము. ఆ పదమును పాదాంతమున విరిచి యెక్కించిన ప్రతిలో అది ఎన్నటికిని దొరకదు.

పాఠమును సరళీకరించి, అరసున్నలను తొలగించి, సంధులను విడదీసి ముద్రించిన చాలునని కొందరు తలంతురు. అట్లు చేసిన పాఠము కవి పాఠము కాదు, ఛందస్సును నిలువదు. సంప్రదాయపాఠమును రక్షింపవలెనన్న పఠితయే కష్టపడి నేర్చుకొనవలెనని మరికొందరందురు. ఈ రెండు వాదములును పాఠమును, పాఠమునకు పోవు ద్వారమును ఒకటిగా భావించుటచే కలిగినవి. పాఠము అక్షరమైనను చెదరకుండ నుండవలెను. దానితో పాటు అరసున్న లేని రూపమును, పదవిభాగమును, అన్వయక్రమమును వేరుగా చేర్చి, వెదకులాటకు వానిని ఆధారము చేయవలెను. ‘వీడు’ అని అడిగిన విద్యార్థికి వీఁడు, వీడు అను రెండును ఎదుట నిలిచి, వాని భేదము తెలియవలెను. అపుడు వెదకులాటయే ఒక పాఠమగును.

ఒకే గ్రంథమునకు రెండు క్రమములు ఉండుట సంస్కృత వ్యాకరణమునకు చిరపరిచితము. ఎనిమిది అధ్యాయములలో సుమారు 4,000 సూత్రములు గల పాణినీయమును 17వ శతాబ్దమున భట్టోజి దీక్షితులు సిద్ధాంతకౌముదిలో ప్రక్రియానుసారముగా తిరిగి కూర్చెను. అష్టాధ్యాయిలో 6.1.77వది యగు యణాదేశ సూత్రము కౌముదిలో 47వదిగా నున్నది. ప్రయోగసిద్ధిని కోరు విద్యార్థికి కౌముదీక్రమము అనుకూలము, కాని 6.1.72నుండి వచ్చు ‘సంహితాయామ్’ అను అధికారము ఆ సూత్రమునకు ఎట్లు సంక్రమించునో చూచుటకు అష్టాధ్యాయీక్రమము కావలెను. అచ్చుపుస్తకము రెండు సంఖ్యలను వేయగలదే గాని, రెండు క్రమములను ఒక్క పుటపై చూపజాలదు. డిజిటల్ గ్రంథము చూపగలదు. అయితే సంఖ్యపై నొక్కగనే ఒంటరి సూత్రమును మాత్రము చూపిన లింకు వలన ప్రయోజనము స్వల్పము. అనువృత్తితో కూడ చూపిన లింకు గురువు చేయు పనిలో కొంత చేయును.

ఇచ్చట ఒక ఆక్షేపణము సహజము. అన్నియు తెరపైనే దొరకిన ధారణాశక్తి నశించును కదా! ఈ భయము నిరాధారమని త్రోసివేయరాదు. వల్లె వేసినవానికి స్ఫురించు సంబంధములు వెదకి తెలిసికొనువానికి స్ఫురింపవు. అయితే గ్రంథమును దుర్గమము చేసినంత మాత్రమున ధారణ పెరుగదు, పఠితలు తరుగుదురు. గురుముఖమున అభ్యసించువానికి గురువే అనువృత్తిని స్మరింపజేయును, అన్వయమును చూపును. ఆ భాగ్యము లేక దూరమున ఒంటరిగా చదువుకొనువానికి గ్రంథమే ఆ చేయూత నొసగవలెను. ఆ చేయూత లేనిచో వాడు ప్రబంధమును నాలుగు పద్యములతో మూసివేయును.

కావున ప్రాచ్యవిద్యాసంస్థలు డిజిటల్ గ్రంథనిర్మాణమునకు పూనుకొనునపుడు స్కాను యంత్రమును కొనుటకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. కొందరు విద్యార్థులను, అధ్యాపకులను, సంస్థతో సంబంధము లేని ఒకరిద్దరు పఠితలను పిలిచి, నిజమైన పనులను అప్పగించి, వారి ప్రక్కన మౌనముగా కూర్చుండి గమనింపవలెను. సగము జ్ఞాపకమున్న పద్యమును పట్టుకొనుము, ఈ పదమునకు ప్రయోగమును చూపుము, ఈ సూత్రమునకు ఉదాహరణమును తెమ్ము అను మూడు పనులు చాలును. ఐదుగురితో పరీక్షించినను వినియోగలోపములలో అధికభాగము బయటపడునని జాకబ్ నీల్సన్ 2000లో వాదించెను. ఆ సంఖ్యపై వివాదము కలదు. కాని ఒక్కరినైనను గమనింపక కూర్చుట కంటె ఐదుగురిని గమనించి కూర్చుట మేలనుటలో వివాదము లేదు.

ఈ పనికి సాంకేతిక నిపుణుడొక్కడు చాలడు. అరసున్న ఎచ్చట వచ్చునో, అనువృత్తి ఎచ్చటి నుండి వచ్చునో, విద్యార్థి ఎచ్చట ఆగిపోవునో ఎరిగినవాడు పాఠము చెప్పిన పండితుడు. ఆ పండితుడు తెర ముందు కూర్చుండక, ఇది తన పని కాదని తప్పుకొన్నచో, గ్రంథమునకు ద్వారములను ఎచ్చట పెట్టవలెనో దానిని చదువని వారు నిర్ణయింతురు.