సర్వేల్ నేర్పిన సహవాసం

చౌటుప్పల్‌లో విజయవాడ రహదారిని వదిలి సంస్థాన్ నారాయణపురం దారి పడితే సర్వేల్ వస్తుంది. మెట్ట పొలాలు, తాటిచెట్లు, ఫ్లోరైడ్ నీళ్లతో తరాల తరబడి వేగిన పల్లెలు. ఇలాంటి చోట 1971 నవంబరు 23న అప్పటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు ఒక బడిని ప్రారంభించారు. పల్లె పిల్లల తిండి, వసతి, చదువు అన్నీ ప్రభుత్వమే ఒకచోట చూసుకునే బడి. తెలుగు నేల మీద ప్రభుత్వ గురుకుల విద్య నడక మొదలైంది అక్కడే. ఈమధ్య ఆ ప్రాంగణం చూసి వచ్చాను. సర్వేల్ పేరు ఎత్తగానే అందరూ ర్యాంకుల గురించి, పెద్ద పదవులకు ఎదిగిన పూర్వ విద్యార్థుల గురించి చెబుతారు. నాకు మాత్రం అక్కడి పిల్లల సహవాసమే ఆ బడి కూడబెట్టిన అసలు ఆస్తి అనిపించింది. ఆ ఆస్తిని మధ్యలో మనమే చేజార్చుకున్నామని కూడా అనిపించింది.

ఈ మాట అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. నిజాం రాజ్యంలో పల్లెటూరి పిల్లవాడు చదువు కోసం పట్నం వస్తే తలదాచుకునేందుకు కులం హాస్టలే దిక్కు. 1918లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి చొరవతో హైదరాబాదులో రెడ్డి హాస్టల్ వెలిసింది. సురవరం ప్రతాపరెడ్డి దాని బాధ్యతలు చూశారు. ఆ తర్వాత ఇతర కులాల వారూ తమ పిల్లల కోసం వసతి గృహాలు కట్టుకున్నారు. ఉర్దూలోనే చదువులు సాగిన ఆ రోజుల్లో తెలుగు పిల్లలు పైచదువులకు వెళ్లగలిగారంటే, తెలుగు మీద అభిమానం నిలుపుకున్నారంటే అందులో ఈ హాస్టళ్ల పాత్ర పెద్దది. వాటి మేలు మరువరానిది. కానీ హాస్టల్ కట్టే స్తోమత లేని కులంలో పుట్టిన పిల్లవాడి సంగతి? వాడికి పట్నం చదువు అందని ద్రాక్షే.

సర్వేల్ ఆ ప్రశ్నకు వచ్చిన జవాబు. అది నిలిచిన నేల కూడా అందుకు తగినదే. సర్వోదయ మార్గంలో నడిచిన మద్ది నారాయణరెడ్డి ఈ బడికి భూమి ఇచ్చారు. ఇదే ప్రాంతంలోని పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. భూమి ఉన్నవాడు లేనివాడికి ఇవ్వాలన్న ఆలోచన, చదువు అందినవాళ్లు అందనివాళ్లకు దారి చూపాలన్న ఆలోచన ఒకే మట్టిలో ఇరవై ఏళ్ల తేడాతో మొలకెత్తాయి.

పి.వి. ముఖ్యమంత్రి కాకముందు విద్యాశాఖ మంత్రి. తెలుగులో పైచదువుల పుస్తకాలు రావాలని 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ వెనుక ఆయన ఉన్నారు. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ నవలను హిందీలోకి తీసుకెళ్లిన అనువాదకుడు కూడా ఆయనే. అలాంటి మనిషి గురుకులం గురించి ఆలోచించినప్పుడు అది పరీక్షలకు తయారుచేసే శిబిరంగా మిగలదు. సర్వేల్ తర్వాత గుంటూరు జిల్లా తాడికొండలో, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో కూడా గురుకులాలు వచ్చాయి. తెలంగాణలో ఒకటి, కోస్తాలో ఒకటి, రాయలసీమలో ఒకటి. 1969 ఉద్యమం సెగ ఇంకా చల్లారలేదు, 1972లో జై ఆంధ్ర ఉద్యమం రగిలింది. ప్రాంతాల మధ్య మాటలు కరువైన ఆ కాలంలో మూడు ప్రాంతాల పల్లె పిల్లలకూ ఒకే తీరు బడి ఇవ్వాలనుకోవడం మామూలు నిర్ణయం కాదు.

ప్రాంగణంలో తిరుగుతుంటే మొదట కంటపడేది అక్కడి దినచర్య. తెల్లవారకముందే లేవడం, వ్యాయామం, స్నానాలు, అసెంబ్లీ, తరగతులు, సాయంత్రం ఆటలు, రాత్రి స్టడీ అవర్. మెస్ ముందు కంచాలు పట్టుకుని వరుసలో నిలబడిన పిల్లల్లో ఎవరు రైతు కొడుకో, ఎవరు కూలీ కొడుకో పోల్చుకోలేం. ఇంటి దగ్గర ఒకరి వాకిట్లోకి ఒకరు అడుగుపెట్టని కుటుంబాల పిల్లలు ఒకే బంతిలో అన్నం తింటారు, ఒకే డార్మిటరీలో పక్కలు వేసుకుంటారు, జ్వరమొస్తే ఒకరికొకరు గంజి తెచ్చిపెడతారు. సమానత్వం మీద పాఠం ఎంత బాగా చెప్పినా ఈ అనుభవం ముందు దిగదుడుపే.

పాత బ్యాచ్‌ల వారిని కదిపితే వారి జ్ఞాపకాలూ ఇటే వెళతాయి. లెక్కల్లో వచ్చిన మార్కులు ఎవరికీ గుర్తుండవు. ట్రంకు పెట్టె మోసుకుంటూ నాన్న వెంట గేటు దాటిన రోజు గుర్తుంటుంది. ఇంటి మీద బెంగతో ఏడుస్తుంటే పక్క మంచం మీది వాడు ఓదార్చిన రాత్రి గుర్తుంటుంది. ప్రాంగణంలోనే కాపురముంటూ, రాత్రి స్టడీ అవర్‌లో బల్లల మధ్య తిరుగుతూ, పేరు పెట్టి పిలిచిన తెలుగు సారు గుర్తుంటారు. వక్తృత్వ పోటీలు, పద్యం అప్పజెప్పడం, ఏకపాత్రాభినయం, వార్షికోత్సవంలో వేసిన నాటకం గుర్తుంటాయి. మైకు ముందు నిలబడితే కాళ్లు వణికిన పల్లె పిల్లవాడికి నలుగురిలో మాట్లాడే ధైర్యం ఆ వేదిక ఇచ్చింది. ఒక్కో జిల్లా యాసతో వచ్చిన పిల్లలు ఒకరి మాట ఒకరు నేర్చుకున్నారు. సర్వేల్‌లో చదివిన ఎం. మహేందర్‌రెడ్డి తెలంగాణ పోలీసు శాఖకు డీజీపీ అయ్యారు. ఇంకా ఎందరో అధికారులు, వైద్యులు, ఇంజినీర్లు, ఉపాధ్యాయులు ఇక్కడి నుంచే వెళ్లారు. ఆ ఎదుగుదలకు పునాది ఈ కలిసి బతికిన బాల్యమే.

సర్వేల్ అనుభవం ఢిల్లీ దాకా వెళ్లింది. 1985లో పి.వి. కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి శాఖ చేపట్టారు. 1986 జాతీయ విద్యావిధానంతో పాటు నవోదయ విద్యాలయాలు వచ్చాయి. నేడు దేశమంతటా అవి 650కి పైగా ఉన్నాయి. నాలుగింట మూడు సీట్లు గ్రామీణ పిల్లలకే. హిందీ, హిందీయేతర ప్రాంతాల పిల్లలు కొందరు తొమ్మిదో తరగతిలో ఒకరి చోటికి ఒకరు వెళ్లి చదివే ఏర్పాటు కూడా వాటిలో ఉంది. ఒకే చూరు కింద పెరిగితే పిల్లల మధ్య గోడలు కరుగుతాయన్న సర్వేల్ నమ్మకమే అక్కడ దేశానికి సరిపడా విస్తరించింది.

అయితే ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పుకోవాలి. ప్రవేశ పరీక్ష రాసి నెగ్గిన వారికే సీటు దక్కే బడిలో తరతరాలుగా అక్షరం అందని ఇళ్ల పిల్లలు వెనకబడతారు. అందుకే 1980లలో దళిత, గిరిజన పిల్లల కోసం సాంఘిక సంక్షేమ గురుకులాలు రావలసి వచ్చింది. ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారులు ఆ పిల్లల చదువును తమ ఇంటి పనిలా భావించి శ్రమించారు. ఆ తర్వాత విడిగా గిరిజన, బీసీ, మైనారిటీ గురుకులాలు వచ్చాయి. నేడు తెలంగాణలో అన్నీ కలిపి వెయ్యికి పైగా ఉన్నాయి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ తాడ్వాయి గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఖమ్మం జిల్లా పిల్లవాడు ఆనంద్‌కుమార్ కూడా ఆమెతో పాటు శిఖరం చేరాడు. ప్రత్యేక గురుకులాలు లేకపోతే ఆ ఇద్దరికీ ఆ దారి దొరికేది కాదు. వాటిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

కానీ సీట్లు పెరిగిన క్రమంలో సహవాసం తగ్గింది. ఎస్సీ పిల్లలకో బడి, ఎస్టీ పిల్లలకో బడి, బీసీలకో బడి, మైనారిటీలకో బడి. ఒక్కోదానికి ఒక్కో సొసైటీ. ఇతరులకు కొన్ని సీట్లు ఉంచినా, బోర్డు మీద రాసిన వర్గం పేరే పిల్లవాడి వెంట నడుస్తుంది. స్తోమత ఉన్నవాళ్ల పిల్లలు కార్పొరేట్ హాస్టళ్లకు వెళ్లిపోయారు. కులం హాస్టళ్ల కాలం నుంచి ఎంతో దూరం వచ్చామనుకున్న మనం, ప్రభుత్వ ఖర్చుతోనే పిల్లలను మళ్లీ వేరు వేరు గదుల్లో కూర్చోబెట్టాం. పైగా అద్దె భవనాలు, చాలని మరుగుదొడ్లు, కలుషితాహారంతో పిల్లలు ఆస్పత్రి పాలైన వార్తలు. కన్నవాళ్లు నమ్మి అప్పగించిన బిడ్డ పళ్లెంలో పురుగు కనిపిస్తే, గురుకులం అన్న పేరుకు మనం అర్హులం కాము.

ఇప్పుడు ఒక మంచి అవకాశం వచ్చింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ గురుకులాలను ఒకే ప్రాంగణంలోకి తెచ్చే యంగ్ ఇండియా సమీకృత గురుకులాలకు తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో శంకుస్థాపనలు చేసింది. అదే ఏడాది చివర్లో మెస్ చార్జీలు 40 శాతం పెంచింది. రెండూ స్వాగతించదగిన పనులు. అయితే వేల మంది పిల్లలతో కట్టే ఆ పెద్ద ప్రాంగణాల్లో సర్వేల్ నడక కనిపించాలంటే కొన్ని షరతులు తప్పవు. వర్గానికో బ్లాకు, వర్గానికో మెస్ పెడితే ప్రహరీ ఒకటైనా బడులు నాలుగే అవుతాయి. ప్రత్యేక గురుకులాలు సాధించిన సీట్లలో ఒక్కటి కూడా తగ్గకుండా తరగతి, డార్మిటరీ, భోజనం అందరికీ కలిపే ఉండాలి. ఉపాధ్యాయులు ప్రాంగణంలో ఉండేలా క్వార్టర్లు కట్టాలి, ఖాళీలు నింపాలి. ఒక్కో ఉపాధ్యాయుడి బాధ్యతలో పేరు పెట్టి పిలవగలిగినంత మంది పిల్లలే ఉండాలి. ఆటస్థలానికి, గ్రంథాలయానికి, వేదికకు పరీక్షల పేరుతో కోత పెట్టకూడదు.

ప్రభుత్వం వంతు ఇది. మన వంతు కూడా ఒకటుంది. మీ ఊరికి దగ్గర్లో గురుకులం ఉంటే వీలు చూసుకుని ఒకసారి వెళ్లండి. పిల్లలతో కూర్చుని వాళ్లు తినే అన్నం తినండి, వాళ్ల పాటలు వినండి, లోటు కనిపిస్తే అధికారులను అడగండి. పూర్వ విద్యార్థులు ముందు నిలబడితే అడిగే గొంతుకు బలం వస్తుంది. ఊరు పట్టించుకునే బడిని ప్రభుత్వం కూడా పట్టించుకుని తీరుతుంది.