బల్ల పెరిగిన పిల్లవాడు

పిల్లవాడికి అన్నం సయించదు. మొహం పాలిపోయింది. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉంటే, పొట్ట మాత్రం ముందుకు పొడుచుకు వచ్చింది. తడిమి చూసిన పెద్దలు "బల్ల పెరిగింది" అంటారు. బల్ల అంటే ప్లీహం వాయడమే. మలేరియావల్ల బల్ల పెరగడం మనకు తెలిసిన సంగతే. కాని ఏ జ్వరమూ లేకుండా, పుట్టుకతో వచ్చిన లోపంవల్ల కూడా పెరగవచ్చు. గోషే వ్యాధి అటువంటిది.

1882లో ఫిలిప్ గోషే అనే ఫ్రెంచి వైద్యుడు ఒక స్త్రీ ప్లీహాన్ని పరీక్షించి, దానినిండా ఉబ్బిన కణాలు ఉండడం చూశాడు. అదొక రకం కంతి అనుకున్నాడు. అసలు గుట్టు తెలియడానికి మరి ఎనభై ఏళ్ళు పైగా పట్టింది.

మన ఒంట్లో ప్రతి కణానికీ చుట్టూ ఒక పొర ఉంటుంది. మందం మిల్లీమీటరులో లక్షోవంతు కూడా ఉండదు. దానిలో ముఖ్యమైన సరుకు కొవ్వు. ఒకసారి కట్టి వదిలేసే గోడ కాదది. పాత సరుకు తీస్తూ, కొత్తది చేరుస్తూ ఉండాలి. రక్తంలోని ఎర్రకణం ఆయుస్సు సుమారు 120 రోజులు. ఆ తర్వాత ప్లీహంలోనూ కాలేయంలోనూ ఉండే పెద్ద కణాలు దాన్ని మింగి, పొరలోని కొవ్వును ముక్కలు చేస్తాయి.

ఆ కొవ్వుల్లో చక్కెర అంటుకున్నది ఒకటి ఉన్నది. పేరు గ్లూకోసెరిబ్రోసైడు. దాని చక్కెరను ఊడదీసే ఎంజైము చాలకపోవడమే ఈ జబ్బుకు మూలమని 1965లో అమెరికాలో రాస్కో బ్రాడీ, ఆయన సహచరులు తేల్చారు. తయారీ సాగుతూనే ఉంటుంది, విరగడం జరగదు. పేరుకున్న కొవ్వుతో కణాలు ఉబ్బుతాయి. బల్ల పెరుగుతుంది, ఎముకలు సలుపుతాయి, రక్తం తగ్గుతుంది.

జమాఖర్చులు పొసగనప్పుడు ఉపాయాలు రెండే గదా! ఒకటి, లోటైన ఎంజైమును బయటనుంచి ఇవ్వడం. మాయనుంచి తీసిన ఎంజైముకు 1991లో అమెరికాలో అనుమతి వచ్చింది. తర్వాత ప్రయోగశాలలో పెంచిన కణాలతోనే తయారుచేయసాగారు. రెండు వారాలకొకసారి నరంలోకి ఎక్కిస్తే బల్ల తగ్గుతుంది, రక్తం పడుతుంది. రెండోది, ఆ కొవ్వు తయారీనే తగ్గించే మందు, నోటితో మింగేది. అయితే మెదడుకు సోకిన రకాల్లో ఎక్కించిన ఎంజైము మెదడును చేరదు. ఖర్చు కూడా సామాన్యులు భరించేది కాదు. అందుకే 2021లో భారత ప్రభుత్వం అరుదైన వ్యాధులకు సహాయవిధానం ప్రకటించింది. అందులో గుర్తించిన కేంద్రాల్లో హైదరాబాదు నిమ్స్ ఒకటి.

ఇక ఇంటి సంగతి. ఇటువంటి బిడ్డ పుడితే "కోడలు వచ్చిన వేళ" అనే నోళ్ళు కొన్ని ఉంటాయి. లోపమున్న జన్యువు తల్లినుంచి ఒకటీ తండ్రినుంచి ఒకటీ రెండూ వస్తేనే జబ్బు. వాళ్ళిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు, ఒక మంచి జన్యువు పని నడిపిస్తుంది కనుక. అటువంటి దంపతులకు ప్రతి కానుపులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మేనరికాల్లో ఒకే తాతగారి జన్యువు రెండువైపులా దిగే అవకాశం హెచ్చు. బయటి సంబంధాల్లోనూ రాకపోదు.

కాబట్టి జ్వరం లేకుండా పిల్లవాడికి బల్ల పెరిగితే తాయెత్తులతో కాలం గడపకండి. రక్తంలో ఆ ఎంజైము ఎంత ఉన్నదో చూసే పరీక్ష ఉన్నది. ముందుగా కనిపెడితే ఎముకలు చెడకముందే వైద్యం మొదలుపెట్టవచ్చు. తల్లిని ఆడిపోసుకునే నోరు, ఆ మాట డాక్టరుతో చెబితే బిడ్డకు మేలు.