నాలుకకి రుచి పోతే జింక్ బిళ్ళా?

మా పెద్దత్తగారిది శ్రీకాకుళం వైపు. అక్కడి ఆడవాళ్ళు చాలామందిలాగే ఆవిడా నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చేవారు. అంగిట్లో పుండు లేచింది, కేన్సరన్నారు. రేడియేషన్ సగంలో ఉండగా "పప్పుచారు మట్టినీళ్ళలా ఉందే అమ్మాయ్" అని కంచం తోసేశారు. పక్కింటావిడ జింక్ బిళ్ళల డబ్బా తెచ్చిచ్చింది. డిగ్రీ చదివినదాన్ని, నేనూ డాక్టరుగార్ని అడక్కుండానే వేసేశాను!

జింక్ లోపిస్తే రుచి తగ్గడం నిజమే. కానీ అమెరికాలో తలా మెడా భాగాలకి రేడియేషన్ తీసుకునేవాళ్ళు సుమారు 170 మందిని తీసుకుని, కొందరికి 45 మిల్లీగ్రాముల జింక్ సల్ఫేట్ రోజుకి మూడుసార్లు, మిగతావాళ్ళకి ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి చూశారు. 2007లో వెలువడిన ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా జింక్ మోతాదు మించి చాలాకాలం వాడితే ఒంట్లో రాగి తగ్గి రక్తహీనత రావచ్చు. అసలే నీరసించిన మనిషికి!

అలాగని ఖనిజాలన్నీ దండగని కాదు. సిస్‌ప్లాటిన్ ఎక్కించినవాళ్ళకి మూత్రంలో మెగ్నీషియం పోతుంది. దాన్ని డాక్టర్లే రక్తపరీక్ష చూసుకుని సెలైన్లో కలిపి ఇస్తారు. మనం కొనే డబ్బాల సంగతి వేరు. చాలావాటిని మందులుగా కాదు, 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద ఆహారంగా అమ్ముతున్నారు. చీటీ అడిగేవాడే ఉండడు.

డబ్బా చూపిస్తే డాక్టరుగారు ఆపెయ్యమన్నారు. రేడియేషన్ అయిపోయిన నాలుగు నెలలకి అత్తగారికి రుచి మెల్లగా తిరిగొచ్చింది. మొట్టమొదట అడిగింది ఉప్పుచేప.